మొక్కా కాదు, మానూ కాదు: ఇరవైల వయసులో మనిషి లోపల ఏం జరుగుతుంది?

పోయిన జూన్‌లో మా అక్క కొడుకు బీటెక్ పూర్తి చేసి, ఒక సూట్‌కేసు, సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని హైదరాబాద్ నిజాంపేటలోని మా ఇంటికి వచ్చాడు. రెండు వారాలు బాగానే తిరిగాడు. ఒక రాత్రి అన్నాలయ్యాక నేను గిన్నెలు సర్దుతుంటే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "చిన్నమ్మా, నన్నేం చేయమంటావు?" అని అడిగాడు. అమీర్‌పేటలో జావా కోర్సులో చేరాలా, ఎమ్మెస్‌కి వెళ్లాలా, గ్రూప్స్‌కి చదవాలా, వచ్చిన చిన్న ఉద్యోగంలోనే చేరిపోవాలా అని నాలుగు దారులు చెప్పాడు. "నీకేది ఇష్టం?" అన్నాను. చాలాసేపు ఆలోచించి, "తెలీదు చిన్నమ్మా. అలా ఎప్పుడూ ఆలోచించలేదు" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడు తెలివైనవాడు, మంచి మార్కులు తెచ్చుకున్నవాడు. కానీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ పోతే, పదో తరగతి తర్వాత ఎంపీసీ మా బావగారి నిర్ణయం. ఇంటర్ కాలేజీ ఆయన స్నేహితుడి సలహా. ఎంసెట్ వెబ్ ఆప్షన్లు నింపింది పక్కింటి అబ్బాయి. బ్రాంచి అందరూ తీసుకుంటున్నారని తీసుకున్నది. ఇరవై రెండేళ్లు వచ్చాయి, ఓటేశాడు, బండి నడుపుతాడు. అయినా తన బతుకుకు సంబంధించి ఒక్క నిర్ణయం తానుగా తీసుకుని, దాని మంచిచెడ్డలు తానే అనుభవించిన సందర్భం నాకు ఒక్కటీ తట్టలేదు.

పదహారేళ్లుగా ఈ ఊళ్లో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఇదే ప్రశ్న ఇదే గొంతుతో అడిగినవాళ్లు నాకు లెక్కలేనంతమంది. వాళ్ల కోసమే కొంత చదివాను, కొంత అడిగి తెలుసుకున్నాను. ఈ వయసు గురించి మన ఇళ్లలో రెండు మాటలు తిరుగుతుంటాయి. ఒకటి, "వాడింకా చిన్నపిల్లాడు, వాడికేం తెలుసు." రెండోది, "ముప్పై లోపు సెటిల్ కాకపోతే ఇక అంతే." రెండూ ఒకే నోటి నుంచి, ఒక్కోసారి ఒకే రోజు వస్తాయి. రెండిట్లోనూ కొంత నిజముంది, చాలా పొరపాటు కూడా ఉంది. ఆ చిక్కు విప్పాలనే ఈ ప్రయత్నం.

ఎప్పుడు పెద్దవాళ్లవుతారు?

చట్టాన్ని అడిగితే ఒక్క సమాధానం రాదు. ఓటు హక్కు మొదట్లో 21 ఏళ్లకు ఉండేది. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో దాన్ని 18కి తగ్గించారు. పెళ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. తెలంగాణలో మద్యం కొనాలంటే 21 ఉండాలి. ఎమ్మెల్యేగానో లోక్‌సభకో పోటీ చేయాలంటే 25, రాజ్యసభకు 30. అంటే దేశాన్ని ఎవరు పాలించాలో తేల్చే వయసు వేరు, తాను పాలించే వయసు వేరు. పెద్దరికం ఒక్క రోజులో వచ్చేది కాదని చట్టం కూడా మెట్లుమెట్లుగా ఒప్పుకున్నట్టే.

ఇంట్లో లెక్క ఇంకో రకం. పెళ్లయ్యేదాకా పిల్లలే. మా నాయనమ్మకు పద్నాలుగో ఏట పెళ్లయింది, పద్దెనిమిదికి ఇద్దరు పిల్లలు. ఆమె బాల్యం ఒక పొద్దున ముగిసి, ఆ సాయంత్రానికే సంసారం మొదలైంది. నడుమ ఖాళీ లేదు. ఇప్పుడు డిగ్రీ, ఆపైన పీజీ లేదా కోచింగ్, ఆపైన ఉద్యోగం వెతుకులాట, ఆ తర్వాతెప్పుడో పెళ్లి. నాయనమ్మ కాలంలో లేని పదేళ్ల ఖాళీ ఒకటి మధ్యలో తెరుచుకుంది. బాల్యం, కౌమారం, యవ్వనం, వృద్ధాప్యం అని మనకు మాటలున్నాయి గానీ, ఈ పదేళ్లకు సరిపోయే పేరు తెలుగులో ఇంకా స్థిరపడలేదు. పేరు లేనిదాని గురించి మాట్లాడటం కష్టం. అందుకే కాబోలు, మన ఇళ్లలో ఈ కాలాన్ని ఒక క్యూలాగా చూస్తాం. సీటు కోసం, ఆఫర్ లెటర్ కోసం, వీసా కోసం, సంబంధం కోసం నిలబడే క్యూ. అసలు జీవితం ఆ కౌంటర్ అవతల ఉంటుందనుకుంటాం.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెఫ్రీ ఆర్నెట్ 2000లో ఈ ఖాళీని ఒక ప్రత్యేక దశగా గుర్తించాలని ప్రతిపాదించాడు. సుమారు 18 నుంచి 25 వరకు. "నువ్వు పెద్దవాడివయ్యావా?" అని ఆ వయసు వాళ్లను అడిగితే చాలామంది "కొన్నిట్లో అవును, కొన్నిట్లో ఇంకా కాదు" అన్నారు. మరి పెద్దవాళ్లవడమంటే ఏమిటంటే, వాళ్లు ముందుగా చెప్పినవి పెళ్లి, డిగ్రీ కావు. తన బాధ్యత తాను తీసుకోవడం, తన నిర్ణయాలు తాను చేసుకోవడం, డబ్బుకు మరొకరి మీద ఆధారపడకపోవడం. ఈ మూడింటినీ మా అక్క కొడుకు పక్కన పెట్టి చూశాను. మూడిట్లో ఒక్కటైనా నేర్చుకునే అవకాశం మేమెవరం వాడికి ఇచ్చామో చెప్పలేకపోయాను.

25 అంకె ఎక్కడిది?

"మెదడు 25 ఏళ్లకు గానీ పూర్తిగా తయారు కాదు" అనే మాట మీరూ ఏదో వీడియోలో వినే ఉంటారు. దాన్ని పట్టుకుని అబ్బాయిలు నాతోనే వాదించారు, "మా మెదడు ఇంకా రెడీ కాలేదు మేడం" అని. అందుకే దీని సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

1990లలో అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ అనే వైద్యుడి బృందం ఒకే పిల్లలకు కొన్నేళ్ల పాటు మళ్లీ మళ్లీ ఎంఆర్‌ఐ తీస్తూ వచ్చింది. చిన్నతనంలోనే మెదడు ఎదుగుదల దాదాపు అయిపోతుందని అంతకుముందు అనుకునేవారు. స్కాన్లలో కనిపించింది వేరు. మెదడు పై పొరలోని బూడిదరంగు పదార్థం యవ్వనారంభం దాకా పెరిగి, ఆ తర్వాత ఏళ్ల తరబడి నెమ్మదిగా తగ్గుతోంది. అలా తగ్గడం పాడవడం కాదు. నాడీకణాల మధ్య వాడకంలో లేని అతుకులను మెదడు తీసేస్తుంది, వాడుతున్నవాటిని బలపరుస్తుంది. బాగా వాడే తీగల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చుట్టుకుంటుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు. దాంతో సంకేతం వేగంగా పోతుంది.

ఈ పని మెదడంతా ఒకేసారి జరగదు. చూపు, కదలికలు చూసుకునే భాగాలు ముందు కుదురుకుంటాయి. నుదుటి వెనకాల ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అన్నిటికన్నా చివర. అది చేసే పనులు చూడండి. రేపటి కోసం ఈరోజు ఆగడం, నాలుగు దారులను పోల్చి చూడటం, నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోవడం, వేసుకున్న ప్లాన్ చెదిరితే ఇంకొకటి వేసుకోవడం. ఇరవైల్లో మనిషికి సరిగ్గా ఈ పనులే మీద పడతాయి, సరిగ్గా అప్పుడే ఆ భాగం ఇంకా కుదురుకుంటూ ఉంటుంది.

అయితే 25వ పుట్టినరోజున వెలిగే దీపమేమీ లేదు. మార్పు వాలుగా, మెల్లగా సాగుతుంది, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, కొన్ని తీగల పని ముప్పైల్లోకి కూడా నడుస్తుంది. "25 దాకా బుద్ధి రాదు" అనడం ఎంత తప్పో, "25 తర్వాత ఇక మారదు" అనడం అంత తప్పు.

ఇక్కడొక ప్రయోగం గురించి చెప్పాలి. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టెయిన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు వయసుల వాళ్లతో కారు నడిపే కంప్యూటర్ ఆట ఆడించారు. 13 నుంచి 16, 18 నుంచి 22, 24 పైబడినవాళ్లు. కొందరిని ఒంటరిగా, కొందరిని తోటి వయసు స్నేహితులు పక్కనుండగా. స్నేహితులు చూస్తుంటే చిన్నవాళ్లు బాగా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. 18 నుంచి 22 వాళ్లలోనూ ఆ పెరుగుదల కనిపించింది, కాస్త తక్కువగా. 24 దాటినవాళ్ల మీద పక్కవాళ్ల ప్రభావం పడలేదు. అర్ధరాత్రి కేబుల్ బ్రిడ్జి మీద ముగ్గురు ఒక బండెక్కి దూసుకుపోతుంటే మనం "వీళ్లకు ప్రాణం విలువ తెలీదు" అంటాం. వాళ్లకు తెలుసు. ఒక్కణ్ణే కూర్చోబెట్టి అడిగితే మనకన్నా చక్కగా చెబుతాడు. వెనక సీట్లో స్నేహితుడు కేక వేసినప్పుడు తెలిసినదాన్ని గుర్తుంచుకునే బలం ఇంకా చాలడం లేదంతే. అందుకే ఈ వయసులో ఎవరితో తిరుగుతున్నాడనేది, ఏం చదువుతున్నాడన్నంత పెద్ద విషయం. మా అమ్మ "సావాసాలు చూసుకో" అన్నప్పుడు చాదస్తమనుకునేదాన్ని.

ఈ మొత్తంలో నా మనసుకు పట్టిన సంగతి ఒకటుంది. మెదడు ఏది ఉంచుకోవాలో, ఏది తీసేయాలో వాడకాన్ని చూసి కూడా తేల్చుకుంటుంది. నిర్ణయం తీసుకోవడం కూడా ఈత లాంటిదే, దిగితేనే వస్తుంది. "ఇంకా చిన్నపిల్లాడు" అని ఇరవై రెండేళ్ల వాడి నిర్ణయాలన్నీ మనమే చేసిపెడితే, వాణ్ణి కాపాడుతున్నామనుకుంటాం. నేర్చుకోవడానికి అనువైన రోజుల్లో వాడిని నీళ్ల దగ్గరికి రానివ్వకుండా ఆపుతున్నాం. "మొక్కై వంగనిది మానై వంగునా" అని మనకో సామెత ఉంది. దాన్ని అయిదేళ్ల పిల్లల మీద వాడతాం, అయిదో ఏటే ఆ గడువు అయిపోయిందన్నట్టు. ఇరవై ఏళ్ల మనిషి మొక్కా కాదు, మానూ కాదు. వంగుతాడు, అయితే ఎటు వంగాలో ఇప్పుడు తనే చూసుకోవాలి.

అశోక్‌నగర్‌లో నాలుగు రకాల పిల్లలు

మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చూశాడు. "నేనెవరు?" అనే ప్రశ్నకు జవాబు దొరకడం ఒక దశలో పని, ఇంకొకరితో నిజమైన దగ్గరితనం ఏర్పరచుకోవడం ఆ తర్వాతి దశలో పని. మొదటిది ఎంతో కొంత కుదరకుండా రెండోది కుదరడం కష్టమని ఆయన వాదన. 1966లో జేమ్స్ మార్షియా అనే మరో మనస్తత్వవేత్త దీన్ని ఇంకాస్త విడమర్చాడు. ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు. ఈ మనిషి రకరకాల దారులు వెతికి చూశాడా? ఒకదానికి కట్టుబడ్డాడా? ఈ రెండిటి జవాబులతో నాలుగు స్థితులు వస్తాయి.

వెతకకుండానే కట్టుబడ్డవాళ్లు మొదటివాళ్లు. మన దగ్గర వీళ్లే ఎక్కువ. ఎంపీసీ, ఇంజినీరింగ్, సాఫ్ట్‌వేర్ అని ముందే వేసిన దారిలో నడుస్తూ పోతారు. చాలామంది బాగానే ఉంటారు కూడా. అది నేను కాదనను. అమ్మానాన్నలు చూపిన దారి మంచిదే కావచ్చు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఇరవై ఎనిమిదో ముప్పయ్యో వచ్చి ప్రాజెక్టు పోయి, కంపెనీలో పని లేకుండా బెంచ్ మీద కూర్చున్న రోజున. ఆ దారి తనది కాదని అప్పుడు తెలుస్తుంది, వేరే దారి వెతకడం మాత్రం చేతకాదు.

వెతకనూ లేదు, కట్టుబడనూ లేదు అనేవాళ్లు రెండో రకం. రోజులు ఎటు తీసుకెళ్తే అటు. వీళ్లను సోమరులని తిట్టడం తేలిక. నా క్లాసుల్లో ఇలాంటివాళ్లతో విడిగా మాట్లాడితే, సగం మందిలో ఎప్పుడో తగిలిన ఓటమి కనిపించింది. ఎక్కువగా ఇంటర్ రెండేళ్ల హాస్టల్ చదువులో తగిలినది.

మూడో రకం, వెతుకుతూ ఉన్నవాళ్లు. ఇంకా తేల్చుకోలేదు, కానీ ప్రయత్నిస్తున్నారు. ఇది ఆరోగ్యకరమైన స్థితి, అయితే చాలా టెన్షన్ పెట్టే స్థితి. ఇంట్లోవాళ్లకు మాత్రం రెండో రకానికీ దీనికీ తేడా కనపడదు. ఇద్దరూ "ఖాళీగా ఉన్నట్టే" కనిపిస్తారు. ఆ తేడా పట్టుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఒకటే: "గడిచిన మూడు నెలల్లో కొత్తగా ఏం ప్రయత్నించావు, అది నీకు ఎందుకు నచ్చలేదు?" వెతుకుతున్నవాడు పది నిమిషాలు చెబుతాడు.

నాలుగోది వెతికి, తేల్చుకుని, కట్టుబడటం. ఇది ఒకసారి చేరితే అయిపోయే గమ్యం కాదు, జీవితంలో మళ్లీ మళ్లీ తిరిగి తేల్చుకోవాల్సి వస్తుంది.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల, అశోక్‌నగర్ సందుల్లో పొద్దున్నే ఒకసారి నడిస్తే ఈ నాలుగు రకాలూ ఒకే టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటారు. స్టడీ హాల్లో కుర్చీ, మెస్‌లో భోజనం, గదికి నలుగురు. ఇక్కడ ఈ సిద్ధాంతాలు చెప్పని సంగతి ఒకటుంది. కొన్నిసార్లు మనిషి వెతుకులాట పూర్తి చేసి ఒకదానికి కట్టుబడ్డా, బయటి లోకం ముందుకు కదలనివ్వదు. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 503 పోస్టులతో 2022 ఏప్రిల్‌లో వచ్చింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ జరిగితే పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టారు, దాన్ని సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. 2022లో 23 ఏళ్ల అమ్మాయి ఒకే పరీక్ష మొదటి మెట్టు మూడుసార్లు రాసేసరికి 25 నిండింది. మెదడు, మనసు, స్నేహాలు అన్నీ వేగంగా రూపు కట్టే రెండేళ్లు. అక్కడ చదివేవాళ్లను "ఏళ్ల తరబడి ఏం చేస్తున్నావ్?" అని అడిగే బంధువులు ఈ తేదీలు ఒకసారి చూడాలి.

అక్కడున్న పిల్లలకు నేను చెప్పేది ఒకటే. చదువుతూనే వారానికి కొన్ని గంటలు పక్కన ఇంకేదైనా పని పట్టుకోమంటాను. ట్యూషన్, అనువాదం, ఎవరి షాపు లెక్కలైనా సరే. డబ్బు కోసమే కాదు. ఫలితం రెండేళ్ల దూరంలో ఉన్న పనొక్కటే చేస్తూ ఉంటే, తన ప్రయత్నానికి లోకం ఎలా స్పందిస్తుందో తెలుసుకునే అవకాశం ఆ రెండేళ్లూ ఉండదు.

ఈ పదేళ్లు అందరికీ ఒకటి కావు

వెతుక్కోవడానికి కాలం కావాలి, కాలానికి వెనక ఎవరో అన్నం పెట్టాలి. ఆర్నెట్ సిద్ధాంతం మీద వచ్చిన ముఖ్యమైన విమర్శ ఇదే, అది వసతి ఉన్నవాళ్ల వయసని. నా దగ్గర చదివిన ఒకబ్బాయి నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చాడు. రాత్రి ఒంటిగంట దాకా బండి మీద ఫుడ్ డెలివరీ చేసి, పొద్దున మొదటి పీరియడ్‌కు వచ్చేవాడు. చెల్లెలి ఫీజు అతనే కట్టేవాడు. బాధ్యత, నిర్ణయాలు, సొంత సంపాదన, ఆ మూడు కొలతల ప్రకారం అతను పందొమ్మిదేళ్లకే పెద్దవాడు. అతనికి లేనిది పొరపాటు చేసే వెసులుబాటు. ఒక కోర్సులో చేరి నచ్చక మానేస్తే మా అక్క కొడుక్కి పోయేది ఆరు నెలలు. అతనికైతే చెల్లెలి చదువు పోతుంది. "ఇరవైల్లో రిస్క్ తీసుకోవాలి" అని స్టేజీల మీద చెప్పేవాళ్లు ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేస్తారు. స్కాలర్‌షిప్ సమయానికి అందడం, ఫీజు బకాయిలకు సర్టిఫికెట్లు ఆపకపోవడం, ఈ పిల్లలకు వ్యక్తిత్వ వికాసం అంటే ముందు ఇవి.

ఆడపిల్లల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే నా పాత విద్యార్థిని ఒకామెకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. నాన్నకన్నా ఎక్కువ సంపాదిస్తుంది. ఏటీఎం కార్డు నాన్న దగ్గరుంటుంది. హాస్టల్ గేటు రాత్రి తొమ్మిదిన్నరకు మూస్తారు, ఆఫీసు పార్టీకి వెళ్లాలంటే వార్డెన్‌కు ఇంటి నుంచి ఫోన్ రావాలి. ఆమె గదిలో ఫ్యాన్ పాడైతే రిపేరు చేయించడానికి కూడా "నాన్నతో మాట్లాడతాను" అనేది. ఏడాది తిరక్కుండా పెళ్లి చేశారు. ఆ మర్నాటి నుంచి కొత్త ఇల్లు, కొత్త మనుషులు, వంటింటి ఖర్చు, అత్తమామల మందులు, పిల్లలు ఎప్పుడన్న ప్రశ్న, అన్నీ ఆమే చూసుకోవాలి. నిన్నటిదాకా ఫ్యాన్ గురించి అడగాల్సిన మనిషి ఇవాళ ఒక కుటుంబాన్ని నడపాలి. ఎరిక్సన్ మాటే తీసుకుంటే, "నేనెవరు?" తేలకముందే ఇంకొకరితో జీవితం పంచుకోమంటున్నాం. తర్వాత ఆ సంసారంలో ఇబ్బందులొస్తే "ఈ కాలం పిల్లలకు సర్దుకుపోవడం రాదు" అంటాం. ఇది నాకు కోపం తెప్పించే మాట. సర్దుకోవడానికి ముందు తానంటూ ఒక మనిషి ఉండాలి కదా.

ఈ వయసు ముద్ర ఎందుకింత బలంగా పడుతుంది

అరవై దాటినవాళ్లను జ్ఞాపకాలు చెప్పమంటే, పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్యవి మిగతా వయసులకన్నా దామాషా తప్పి ఎక్కువగా వస్తాయని పరిశోధకులు చాలాసార్లు గమనించారు. మొదటి జీతం, మొదటి గది, మొదటి చావు చూడటం, మొదటిసారి మోసపోవడం. మొదటివన్నీ ఇక్కడే గుంపుగా ఉంటాయి. మా మామగారికి నిన్న తిన్న కూర గుర్తుండదు. 1974లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఏ హోటల్లో ఎంతకు టీ తాగారో చెబుతారు.

స్వభావం కూడా ఈ కాలంలోనే బాగా కదులుతుంది. 2006లో బ్రెంట్ రాబర్ట్స్ బృందం, ఏళ్ల తరబడి మనుషుల్ని గమనించిన 92 అధ్యయనాలను కలిపి చూసింది. బాధ్యతగా ఉండటం, ఉద్వేగాలు నిలకడగా ఉండటం లాంటి గుణాల్లో ఎక్కువ మార్పు కౌమారంలో కాదు, 20 నుంచి 40 మధ్య కనిపించింది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి" అని కొట్టిపారేసేవాళ్లకు ఇది చెప్పాలనిపిస్తుంది.

ఇక భయపెట్టే విషయం. అమెరికాలో రొనాల్డ్ కెస్లర్ బృందం 2005లో ప్రచురించిన సర్వే ప్రకారం, జీవితంలో ఎప్పుడైనా వచ్చే మానసిక రుగ్మతల్లో సగం 14 ఏళ్ల లోపే, నాలుగింట మూడు వంతులు 24 లోపే మొదలవుతాయి. అంటే కొందరిలో మొదటి లక్షణాలు బయటపడేది సరిగ్గా పిల్లలు ఇల్లు వదిలి ఏ కేపీహెచ్‌బీలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టల్ గదిలో ఉండే రోజుల్లో. నిద్ర పట్టకపోవడం, మెస్‌కు రాకపోవడం, ఫోన్ ఎత్తకపోవడం. ఇంట్లోవాళ్లకు కనపడదు, రూమ్మేట్‌కు "మూడ్ బాలేదు" అనిపిస్తుంది. రెండు వారాలు దాటి అలాగే ఉంటే దాన్ని జ్వరం లాగే చూడాలి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు నేను ప్రతి ఏడాది మొదటి క్లాసులో బోర్డు మీద రాస్తాను.

డబ్బు గురించి ఒక చిన్న లెక్క, పెద్దగా సాగదీయను. 72ని వడ్డీ శాతంతో భాగిస్తే, పెట్టిన సొమ్ము ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో సుమారుగా తెలుస్తుంది. 8 శాతానికి తొమ్మిదేళ్లు. 24వ ఏట పక్కన పెట్టిన 10,000 రూపాయలు 60 నాటికి నాలుగుసార్లు రెట్టించి 1,60,000 అవుతుంది. 33లో పెడితే మూడుసార్లే, 80,000. ఇక పరిచయాల సంగతి. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానవెటర్ 1973లో రాసిన పరిశోధనలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో ఎక్కువమందికి ఆ కబురు ప్రాణస్నేహితుల నుంచి రాలేదు, ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్ల నుంచి వచ్చింది. మన స్నేహితులకు తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి, కొత్త కబురు కొత్త గుంపు నుంచే వస్తుంది. మాదాపూర్‌లో రిఫరల్ అడిగిన ఏ పిల్లాడికైనా ఇది అనుభవమే. అదే నలుగురు రూమ్మేట్లతో నాలుగేళ్లు గడిపేయవద్దని చెప్పేది అందుకే.

"ఇంకా సెటిల్ కాలేదా?"

ఇదంతా చదివి ఎవరైనా ముప్పై అయిదేళ్లవాళ్లు దిగులు పడితే నేను రాసింది తప్పుగా అర్థమైనట్టు. పి.వి. నరసింహారావును చూడండి. 1938లో పదిహేడేళ్ల వయసులో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు నిజాం రాజ్యంలో చదువు ఆగిపోతే, నాగపూర్ వెళ్లి పూర్తి చేశారు. ఆ వయసులో తీసుకున్న ఒక నిర్ణయం ఆయన జీవితాన్నే మలుపు తిప్పింది. అదే మనిషి అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని మొదటి నుంచి నేర్చుకున్నారు. మెదడు తలుపులు మూసుకోవు. పెద్దయ్యాక నేర్చుకోవడానికి ఎక్కువ కష్టపడాలి, ఉన్న బాధ్యతల మధ్య సమయం దొరకబుచ్చుకోవాలి, అంతే తేడా.

"సెటిల్" అనే మాట మీదే నాకు అభ్యంతరం. నీళ్లలో మట్టి అడుగుకు చేరి కదలకుండా ఉంటే సెటిల్ అయిందంటాం. ఇరవై ఆరేళ్ల మనిషిని అలా ఉండమని ఆశీర్వదిస్తున్నామా? ఒక్కసారి ఆ ప్రశ్న బదులు "ఈ మధ్య ఏం నేర్చుకుంటున్నావ్?" అని అడిగి చూడండి. మా ఇంట్లో ఫంక్షన్లకు వచ్చే పిల్లలు ఈ ప్రశ్నకు పక్కన కూర్చుని మాట్లాడతారు. మొదటి ప్రశ్నకు ప్లేటు పట్టుకుని వేరే టేబుల్‌కు వెళ్లిపోయేవాళ్లు.

ఆ రాత్రి మా అక్క కొడుక్కి నేను ఏ దారీ చెప్పలేదు. నోటిదాకా వచ్చిందిగానీ ఆపుకున్నాను. నాలుగు దారుల్లో ఉన్నవాళ్లు నలుగురి ఫోన్ నంబర్లు ఇచ్చి, వెళ్లి మాట్లాడి రమ్మన్నాను. మూడు వారాలు తిరిగాడు. చివరికి వచ్చిన చిన్న ఉద్యోగంలోనే చేరి, మూసాపేటలో ఇద్దరితో కలిసి గది తీసుకున్నాడు. మొదటి నెల 22వ తేదీకే జీతం అయిపోయింది. అక్క ఫోన్ చేసి, పంపించమంటావా అని అడిగితే వద్దన్నాను. నా మీద అలిగింది. వాడు స్నేహితుడి దగ్గర అప్పు చేసి, రెండో నెల తీర్చి, మూడో నెల నుంచి ఒక పుస్తకంలో ఖర్చులు రాయడం మొదలుపెట్టాడు. కోడింగ్ కన్నా కస్టమర్లతో మాట్లాడి వాళ్ల సమస్య పట్టుకోవడం తనకు బాగా వస్తోందని ఆరు నెలలకు కనిపెట్టాడు. మేనేజర్‌ను అడిగి ఆ టీమ్‌లోకి మారాడు.

పోయిన ఆదివారం ఇంటికి వచ్చాడు. అక్కాబావ మాత్రం ఎమ్మెస్ ఆశ వదులుకోలేదు, కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కట్టేద్దామంటున్నారు. "ఏమనుకుంటున్నావురా?" అన్నాను. "ఈ ఏడాది వద్దు చిన్నమ్మా. వచ్చే ఏడాది కూడా ఇదే పని నచ్చితే, దానికి సంబంధించిన కోర్సు చూస్తా. అమ్మకు నేనే చెబుతా" అన్నాడు. ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లాడు. నేను టీవీ సౌండ్ తగ్గించి కూర్చున్నాను. ముప్పావు గంట మాట్లాడాడు. మధ్యలో మా అక్క గొంతు పెరగడం నాకు లోపలిదాకా వినిపించింది. వాడు ఫోన్ పెట్టేయలేదు, గొంతూ పెంచలేదు.